కవర్‌లో కట్టిన పాత కార్డు

"పది నిమిషాలిస్తున్న. ఐదింటికి వీణ్ని మెజిస్ట్రేట్ ముందు నిలబెట్టాలె" అన్నాడు సీఐ వెంకట్రాం, చేతి గడియారం స్వరూప ముఖం ముందుకి తెచ్చి.

రెండూ ఇరవై అయింది. మానుకోట ఊరి చివర ఉన్న మిరపకాయల కోల్డ్ స్టోరేజీ ఆవరణలో జీపు ఆగి ఉంది. జీపులో వెనక సీటు మీద చేతులకి బేడీలతో కల్యాణ్ కూర్చున్నాడు. కొత్తగూడ దగ్గరి తండా నుంచి వచ్చి, మానుకోటలో కంప్యూటర్ల రిపేరు షాపు పెట్టుకున్న ముప్ఫై ఏళ్లవాడు. గేటు బయట నేల మీద వాళ్ల అమ్మ తుల్సీబాయి చతికిలబడింది. పొద్దున జనగామలో స్వరూప డిటెక్టివ్ ఆఫీసు తలుపు తీసేసరికి మెట్ల మీద కూర్చుని ఉన్నది ఈవిడే. ఏడవలేదు, బతిమాలలేదు. "నా కొడుకు పని సక్కగ చేసిండా లేదా, గదొక్కటి చెప్పు బిడ్డా. చెయ్యకపోతే జైలుకే పోనీ" అంది. అలా అడిగినవాళ్లకి కాదని చెప్పడం స్వరూపకి చేతకాదు. ఎస్పీ ఆఫీసు నుంచి ఫోను చేయించుకుని మరీ ఇక్కడికి వచ్చింది.

జరిగింది చూస్తే ఘోరం. మంగళవారం మధ్యాహ్నం మూడో చాంబర్‌లో అమ్మోనియా గ్యాసు లీకైంది. లోపల ఉన్న సూపర్‌వైజర్ బిక్షపతి మీద తలుపు మూసుకుపోయింది. అలాంటప్పుడు ఒత్తడానికే ప్రతి చాంబర్‌లో ఓ ఎర్ర బటన్ ఉంది. ఒత్తితే ఆ కబురు వైరులో పోయి ఆఫీసు కంప్యూటర్‌కి చేరాలి, సైరన్ మోగాలి. అది మోగలేదు. మనిషి తలుపుకి ఆనుకునే చచ్చిపోయాడు. ఆ పొద్దున్నే కంప్యూటర్‌కి కొత్త నెట్‌వర్క్ కార్డు వేసినవాడు కల్యాణ్. ఇక వేరే దొంగని వెతకాల్సిన పనేముంది? వెంకట్రాం బుధవారానికే కేసు మూటగట్టేశాడు.

"ఎన్నింటికి వచ్చినవ్ మంగళవారం?" స్వరూప జీపు మెట్టు మీద కూర్చుంది.

"పదిన్నరకు మేడం."

"పాత కార్డు సచ్చిందా?"

"పూరాగ సావలే. గంటకోసారి పోయి వస్తుండె. మేనేజర్ దిలీప్ సారు కొత్తది వేయమన్నడు, వేసిన."

"వేయంగనే పనిచేసిందా?"

"లే మేడం, సతాయించింది. బటన్ల కబురు పాత కార్డు అడ్రస్‌కే పోతది, గదే కొత్తదానికి ఇయ్యాలె. ఇస్తే గా అడ్రస్ ఇంకోదానికి ఉన్నదని మొండికేసింది. కార్డు పీకేసినా దాని పేరు కంప్యూటర్ల దాక్కుని ఉంటది. వెతికి తీసేసిన. అప్పుడుగూడ పట్టలే. ఈడ వైర్లన్ని కలిసే స్విచ్ పెట్టె ఉంది, దాని లిస్టుల నంబరున్న కార్డులనే రానిస్తది. కొత్త నంబరు లిస్టుల ఎక్కిచ్చిన, పచ్చ లైటు వచ్చింది. నాలుగు చాంబర్లకు పోయి బటన్లు ఒత్తిన. ఎన్నో చాంబరైతే అన్నిసార్లు మోగేటట్టు పెట్టిన. బిక్షపతన్నే ఆఫీసుల నిలబడి లెక్కపెట్టిండు. పన్నెండుంబావుకు సంతకం పెట్టిండు." అతను బేడీల చేతులతో ముఖం తుడుచుకున్నాడు. "ఆయనే మేడం."

"లిస్టులకెళ్లి పాత నంబరు తీసేసినవా?"

కల్యాణ్ తల దించుకున్నాడు. "తియ్యలే. మేమెవ్వలం తియ్యం. నాలుగు దినాలైనంక పాతదే మంచిగుండె, మళ్ల అదే పెట్టుమంటరు."

"మరి గా పాత కార్డేది?"

"గిరాకికే ఇస్తం. ఇయ్యకపోతే మంచి సామాను ఎత్తుకపోయిండంటరు. కవర్ల కట్టి, మీద నంబరు రాసి బిక్షపతన్న చేతిల పెట్టిన. నా బుక్కులగూడ రాసుకున్న."

మధ్యాహ్నం ఒకటీ యాభై ఎనిమిదికి ఆఫీసు క్లర్కు రజిత ఫోను చేసిందట. కంప్యూటర్ మీద పసుపుపచ్చ గుర్తు వచ్చిందని, లైను పోయిందని. అప్పటికి కల్యాణ్ డోర్నకల్‌లో ఉన్నాడు. వైరు తీసి పెట్టమన్నాడు, లైటు చూడమన్నాడు, వెంటనే బండి తిప్పాడు. మూడున్నరకి వచ్చి ఏమీ ముట్టకుండా బటన్లు పరీక్షిస్తే ఒకటీ రెండూ మోగాయి. మూడో చాంబర్ తలుపు లాగితే గ్యాసు ముక్కులు పగలగొట్టింది. శవాన్ని మొదట చూసింది ఇతనే.

"ఐపోయిందా కథ?" వెంకట్రాం వచ్చి జీపు బానెట్ మీద చెయ్యి వేశాడు. "లైను పోయిందని ఫోనొచ్చింది. వీడొచ్చి బాగుచేసిండు. అప్పటికే మనిషి పోయిండు. ఒకటో తరగతి పిల్లగానికిగూడ సమజైతది."

"మూడున్నరకు వాడు ఏం బాగుచేసిండో నువ్వు చూసినవా?"

"చూడాల్నా? ముందు మోగలే, తర్వాత మోగింది."

"గదే నాకు సమజైతలే వెంకట్రాం. ముట్టకముందే ఎట్ల బాగైంది?"

"ఇన్నేండ్లైనా మారలేదు నువ్వు. వైర్లు పట్టుకుని తిరిగే డిపార్ట్‌మెంటు కదా మీది, మనుషుల అబద్ధాలు మీకు కనబడయి."

ఒళ్లు మండింది స్వరూపకి. ఇద్దరిదీ ఒకే బ్యాచ్. పన్నెండేళ్లు పోలీసు కమ్యూనికేషన్లలో పనిచేసిన ఆమెని ఈ మాటతోనే ఎగతాళి చేసేవాళ్లు అందరూ. జవాబు నాలుక చివరిదాకా వచ్చింది. గడియారం చూసి మింగేసింది. "సర్వీస్ బుక్కు నీ దగ్గరుందిగా, తీస్కరా" అని ఆఫీసు వైపు నడిచింది.

ఆఫీసు గదిలో దిలీప్ కుర్చీలోంచి లేచి మళ్లీ కూర్చున్నాడు. ఏసీ తిరుగుతున్నా చొక్కా కాలరు తడిసిపోయింది. రజిత గోడకి ఆనుకుని నిలబడింది. ఇరవై నాలుగేళ్ల పిల్ల, రెండు రోజులుగా నిద్ర లేదని కళ్లే చెబుతున్నాయి.

కంప్యూటర్ వెనక గోడకి మేకు, మేకుకి పాలిథిన్ కవర్. దాని మీద నల్ల మార్కర్‌తో కల్యాణ్ రాసిన అంకెలు: 61-38. స్వరూప ముడి విప్పి కార్డు బయటికి తీసింది. బండి చాసిస్ నంబరు లాగే ప్రతి కార్డుకీ పుట్టుకతో ఓ నంబరు ఉంటుంది. ఈ కార్డు మీద అచ్చులో ఉన్న చివరి అంకెలు 27-90.

"బుక్కుల ఏముంది?"

వెంకట్రాం పేజీ తిప్పాడు. "అరవై ఒకటి, ముప్పై ఎనిమిది."

"కవర్ మీద గదే, లోపల వేరేది. ఇయ్యాల పొద్దటిదాక నీ సీలు కిందనే ఉండె కదా ఈ గది, ఒక్కసారి విప్పి చూడాలనిపించలేదా?"

"వాడే తప్పు కార్డు పెట్టిండొచ్చు" అన్నాడు వెంకట్రాం. కానీ ఈసారి గొంతులో ఆ ఊపు లేదు.

"అయితే అసలుది ఏది? దిలీప్ గారూ, మీరు తీసిన్రా?"

"నాకెందుకు మేడం? నాకు కంప్యూటర్ స్విచ్ వేసుడే సరిగ రాదు."

"బిక్షపతికి మీకు గొడవుండెనట?"

దిలీప్ తడిసిన కాలరు సర్దుకున్నాడు. "గొడవ కాదు. జనవరిల గ్యాసు లీకై హమాలీ కనకయ్య కండ్లు పోయినయ్. గ్యాసు వాసన పట్టే అలారం బంద్ పెట్టి ఉండెనని అన్నరు. బుధవారం ఫ్యాక్టరీ ఇన్‌స్పెక్టర్ ఎంక్వయిరీ ఉండె. ఎవరు బంద్ పెట్టిన్రో చెప్తానన్నడు బిక్షపతి. కంపెనీ పరువు పోతది, జర ఆగరాదే అని అడిగిన. గంతే."

"అడిగిండట" అన్నాడు వెంకట్రాం, దిలీప్ ముఖంలోకి తేరిపార చూస్తూ.

స్వరూప రజిత వైపు తిరిగింది. "పసుపుపచ్చ గుర్తు ఎన్నింటికి వచ్చింది బిడ్డా?"

"దగ్గర దగ్గర రెండింటికి మేడం. ఈ అడ్రస్ వేరే మెషిన్ వాడుతుందని రాసి వచ్చింది. నేను ఓకే కొట్టిన. కల్యాణన్న చెప్పినట్టు వైరు తీసి పెట్టిన. పచ్చ లైటు మంచిగనే కొట్టుకుంటుండె. కంప్యూటర్ రెండుసార్లు బంద్ చేసి చాలు చేసిన. రాలే. రెండూ నలభైకి ఇంకోసారి చేస్తే దానంతటదే వచ్చింది."

"అప్పుడు ఇంకెవరినన్న అడిగినవా?"

"అడుగుదామనే పోయిన మేడం. తలుపు..."

రజిత మాట గొంతులోనే ఆగిపోయింది. గుమ్మంలో కంప్రెసర్ ఆపరేటర్ వేణు నిలబడి ఉన్నాడు, చేతిలో తాళాల గుత్తి. నలభై దాటిన మనిషి, నెమ్మదస్తుడు. భూపాలపల్లిలో ఏదో ప్లాంటు కంట్రోల్ రూంలో పదేళ్లు చేసొచ్చాడని, ఇక్కడి గ్యాసు వాల్వులూ యంత్రాలూ అన్నీ అతని చేతిమీదుగానే నడుస్తాయని స్వరూప రాగానే దిలీప్ గొప్పగా చెప్పుకొచ్చాడు. రజిత దిలీప్‌కి భయపడి ఆగిందనుకుంది స్వరూప. అక్కడే ఆమె పప్పులో కాలేసింది.

"చాంబర్ చూస్తమన్నరు కదా మేడం, తాళాలు తెచ్చిన" అన్నాడు వేణు. చాంబర్‌కి పోయే దారిలో కళ్లు తుడుచుకున్నాడు. "బిక్షపతి నాకు తమ్మునసొంటోడు. పదకొండుసార్లు ఒత్తిండు పాపం, ఏం లాభం. నేను గప్పుడు కాంటా దగ్గర లోడు చూస్తున్న. సైరన్ మోగితే ఉరికిరాకపోదునా?"

మూడో చాంబర్ ఆవరణకి అవతలి చివర, నాలుగోదాని పక్కన ఉంది. తలుపు తీయగానే మిరపకాయల ఘాటూ, ఇంకా వదలని గ్యాసు కంపూ కలిసి కళ్లు మండించాయి. వేణు గడప బయటే ఆగాడు. తలుపుని లోపల్నుంచి తెరిచే గొళ్లెం విరిగి నెల దాటింది. ఎవరూ బాగుచేయించలేదు. లోపలికి పోయేవాళ్లు తలుపుకి ఓ మిరప బస్తా అడ్డం పెట్టుకుని పోతారు.

"బస్తా జారింది, తలుపు పడింది" అన్నాడు వెంకట్రాం.

స్వరూప మోకాళ్ల మీద వంగి నేల చూసింది. తలుపు దగ్గర సన్నటి ఎర్ర పొడి చార ఒకటి తిన్నగా రెండడుగులు బయటి వైపు సాగింది. "జారిన బస్తా ఇట్ల పోతదా? ఎవరో గుంజిన్రు. అదీ బయట నిలబడి."

లేచి గోడ వైపు చూసింది. ఎర్ర బటన్ చుట్టూ ఉన్న తెల్లటి పెయింటు గోళ్లతో గీకేసి ఉంది. స్వరూప ఓ క్షణం అటు చూడలేకపోయింది. వెంకట్రాం కూడా టోపీ తీసేశాడు.

చాంబర్ బయట గోడకి ఓ ఉక్కు పెట్టె బిగించి ఉంది, ఎర్ర బటన్లు ఒత్తిన లెక్క రాసుకునేది. తలుపు తెరిస్తే లోపల చిన్న తెర. స్వరూప మంగళవారానికి జరిపి చదివింది. మూడో చాంబర్, రెండూ ఆరు నుంచి రెండూ పంతొమ్మిది వరకు. పంపినవి పదకొండు. అందినవి పదకొండు.

"చదువు" అంది.

"అందినవి..." వెంకట్రాం ఆగిపోయాడు. "అందినయా? మరి సైరన్?"

"అవతలి మెషిన్ అందిందని జవాబిస్తేనే ఇక్కడ అందినట్టు లెక్క. పదకొండుసార్లు జవాబు వచ్చింది. నువ్వు ఎవ్వరికీ చేరలేదనుకున్నవ్. చేరింది వెంకట్రాం. వాడు లోపల తలుపు గుద్దుతుంటే, ఎవడో ఆ కబురు ముందు పెట్టుకుని కూసున్నడు. పదమూడు నిమిషాలు."

వెనక్కి చూస్తే వేణు లేడు. ఏదో పని మీద పోయాడనుకుని ఇద్దరూ గబగబా ఆఫీసుకి నడిచారు.

దిలీప్ ఉన్నచోటే ఉన్నాడు. గోడ దగ్గర రజిత లేదు. స్వరూప కంప్యూటర్ ముందు కూర్చుని స్విచ్ పెట్టె లిస్టు తెరిచింది. కల్యాణ్ వేసిన కొత్త కార్డు వరుస పచ్చగా ఉంది. దాని కింద పాత కార్డు 61-38 బూడిద రంగులో ఉంది, ఇప్పుడు లైనులో లేదని గుర్తు. పక్కనే పాత రాకపోకలు.

"మంగళవారం ఒకటీ యాభైకి వచ్చింది, రెండూ ముప్పై ఒకటికి పోయింది. పన్నెండుంబావుకు కవర్ల కట్టిన కార్డు ఇది. దాన్ని ఎవరో ఇంకో కంప్యూటర్ల పెట్టిన్రు. లిస్టుల నంబరు ఉండనే ఉండె, స్విచ్ పెట్టె రానిచ్చింది. ఆఫీసు కంప్యూటర్ అడ్రసే దానికి ఇచ్చిన్రు. ఒకే అడ్రస్‌కు ఇద్దరు. దీన్ని పక్కకు నెట్టి, సైరన్‌కు రావాల్సిన కబురు వాడు అందుకున్నడు. పని కాంగనే పీకేసిండు, లైను దానంతటదే బాగైంది. కల్యాణ్ పని తప్పు కాదు. వాని తప్పల్లా గా పాత నంబరు ఉంచుడే."

వెంకట్రాం వంగి తెర మీది టైములు మళ్లీ చదివాడు. ఓడిపోయినట్టు ఒప్పుకోవడం అతని రక్తంలో లేదు, అయినా గొంతు దిగింది. "ఏ గదికెళ్లి వచ్చిందో తెలుస్తదా?"

"పాతదానికి తెలువది. లైనుల ఉన్నప్పుడే ఏ రంధ్రంల వైరుందో చూపిస్తది."

"అయితే ఇంకేం, ఈయన గదికెళ్లే" అని దిలీప్ భుజం పట్టుకున్నాడు.

"అయ్యో సార్, నా పిల్లల మీద ఒట్టు!"

"ఆగు వెంకట్రాం. నీ రిపోర్టుల పదకొండుసార్లు ఒత్తిండని రాసినవా?"

"యాడికెళ్లి రాయాలె? ఆ పెట్టెను ఇప్పుడే కదా చూసింది!"

స్వరూప కుర్చీలోంచి లేచింది. పెట్టె తెరవకముందే పదకొండని నోరు జారినవాడు ఒక్కడే. కంట్రోల్ రూంలో పదేళ్లు చేసినవాడు. జనవరిలో గ్యాసు అలారం ఎవరు బంద్ పెట్టారో బిక్షపతి బుధవారం ఎవరి పేరు చెప్పేవాడో ఇక ఎవరినీ అడగక్కర్లేదు. రజిత దిలీప్‌ని చూసి ఆగలేదు. గుమ్మంలోకి వచ్చినవాణ్ని చూసి ఆగింది. యంత్రాలు తెలిసినవాడని మంగళవారం ఆమె అడగబోయింది అతన్నే, మూసి ఉన్న తలుపు అతని కంప్రెసర్ గదిదే.

"రజిత ఏది?"

"టెంపరేచర్ నోట్‌బుక్కు సీఐ సారు అడుగుతున్నరని వేణు వచ్చి చెప్పిండు మేడం" అన్నాడు దిలీప్. "చాంబర్ల తగిలేసి ఉంటది. తేనీకి పోయింది, ఆయనెంటనే."

"నేనేం నోట్‌బుక్కు అడగలే" అన్నాడు వెంకట్రాం.

తెర మీద బూడిద రంగు వరుస పచ్చగా మారింది. 61-38. లైనులో ఉంది. ఏడో రంధ్రం. ఆ పక్కనే పసుపుపచ్చ గుర్తు లేచింది: ఈ అడ్రస్ వేరే మెషిన్ వాడుతోంది.

దిలీప్ నోరు తెరుచుకుని వాళ్ల కళ్లముందే కూర్చుని ఉన్నాడు.

"మనం ఆఫీసుల కూసున్నం, సైరన్ మోగితే మనకు ఇనబడతది" అంది స్వరూప. "గందుకే లైను గుంజుకున్నడు. ఇప్పుడు గా పిల్ల ఏదో చాంబర్ల బటన్ ఒత్తుతున్నది."

"ఏ చాంబర్ల?" వెంకట్రాం అరిచాడు. రెండు చాంబర్లు ఇటు చివర, రెండు అటు చివర. తప్పు వైపు పరిగెత్తితే ఆ పిల్ల బతకదు.

స్వరూప మూలకి దూకింది. స్విచ్ పెట్టెలో గుత్తులు గుత్తులుగా వైర్లు, ప్రతిదానికీ కల్యాణ్ మార్కర్‌తో రాసిన చీటీ. ఏడోదాని మీద 'కంప్రెసర్' అని ఉంది. దాన్ని పట్టి ఒక్క గుంజు గుంజింది. వెనక్కొచ్చి కొత్త కార్డుని బంద్ చేసి మళ్లీ చాలు చేసింది. పచ్చ లైటు ఆరింది. వెలగలేదు. ఒక క్షణం, రెండు, మూడు. "రావే తల్లీ, రావే" అని పైకే అంది. లైటు వెలిగింది, కొట్టుకోవడం మొదలెట్టింది.

సైరన్ మోగలేదు.

వెంకట్రాం గోడకి రెండు చేతులూ ఆనించాడు. "ఒత్తు బిడ్డా, ఇంకొక్కసారి ఒత్తు" అన్నాడు గోడతో చెప్పినట్టు. ఇన్నేళ్ల పరిచయంలో ఆ గొంతు స్వరూప ఎప్పుడూ వినలేదు.

అప్పుడు మోగింది. గది అద్దాలు అదిరేలా మోగింది. ఒకటి. రెండు. మూడు. నాలుగు.

"నాలుగో చాంబర్!" జీపులోంచి కల్యాణ్ గొంతు చించుకున్నాడు. బేడీల చేతులతో జీపు రేకుని బాదుతున్నాడు. "నాలుగోది సార్! అటు చివర, అటు చివర!"

ఇద్దరూ ఆవరణకి అడ్డంగా పరిగెత్తారు. గేటు దగ్గర తుల్సీబాయి లేచి నిలబడింది. "గది నా కొడుకు పెట్టిందేనా బిడ్డా, మోగేది?"

"గదే అవ్వా! నీ కొడుకు పెట్టిందే!" అని స్వరూప ఆగకుండానే కేకేసింది.

సైరన్ మళ్లీ నాలుగు మోగి ఆగింది. నాలుగో చాంబర్ తలుపు సందులోంచి గ్యాసు కంపు కొడుతోంది. తలుపుకి తాళం కప్ప వేలాడుతోంది. గోడ అవతల మోటార్ సైకిల్ ఒకటి స్టార్టయి దూరమవుతోంది, తాళాల గుత్తి దాని మీదే పోతోంది. వెంకట్రాం కింద దొరికిన ఇనప కడ్డీ ఎత్తి కప్ప మీద కొట్టాడు. ఇంకోసారి కొట్టాడు. స్వరూప తలుపుకి చెవి ఆనించి, మూడోసారి సైరన్ మోగడం కోసం వింటూ నిలబడింది. మోగలేదు.